నీలి చీటీల కొసరు

ఆ పరిశోధనశాలలో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. హాజరు పట్టీలో పేరు ఉంది కాని, వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరికీ ఆమె తక్కెడే. పొద్దున్నే జంతువుల గదికి రావడం, మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం, తూకం యంత్రం మీద ఖాళీ గిన్నె పెట్టి అంకె సున్నాకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడడం, ఆ తర్వాత ఒక్కొక్క ఎలుకపిల్లనూ తోక మొదట్లో పట్టుకుని గిన్నెలోకి దించడం ఆమె పని. పిల్ల కుదురుగా ఉన్న ఆ ఒక్క క్షణంలోనే అంకె పట్టుకోవాలి. ఆమె పట్టుకునేది.

డబ్బాలు కడిగే బాబాయి ఆ పేరు పెట్టాడు. ఆమె ఉద్యోగంలో చేరిన వారానికి అతనేదో హాస్యమాడితే ఆమె కొంతసేపు ఆలోచించి నవ్వింది. "ఈ పిల్ల నవ్వు కూడా తూచి నవ్వుతోందర్రా" అన్నాడు. అంతే, పేరు అతుక్కుపోయింది.

తూకం కాక ఆమెకు ఇంకో పని కూడా ఉండేది. మగ ఎలుకపిల్ల ఎదిగిందో లేదో చెప్పడానికి ఒక గుర్తు ఉంది. పుట్టినప్పుడు దాని అంగం కొసన చర్మం లోపలికి అంటుకుని ఉంటుంది. నలభై రోజులు దాటిన తర్వాత, ఒంట్లో మార్పులు మొదలయ్యాక, అది దానంతటదే విడివడుతుంది. రోజూ ఒకే వేళకు పిల్లను వెల్లకిలా పట్టుకుని, ఆ చర్మాన్ని బొటనవేలితో మెల్లగా వెనక్కి జరిపి చూడాలి. రాలేదు, సగం వచ్చింది, పూర్తిగా వచ్చింది అని మూడు మాటలున్నాయి; వాటిలో ఒకటి చెప్పాలి. కాస్త గట్టిగా నొక్కితే విడివడనిది కూడా విడివడుతుంది. అప్పుడు పుస్తకంలో రాసిందంతా అబద్ధమైపోతుంది. బలమున్న చెయ్యి ఈ పనికి పనికిరాదు. ఆమెది దూదిలాంటి చెయ్యి.

ఈ రెండో పని గురించి ఆమె ఇంట్లో భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకసారి పక్కింటావిడ కూర్చుని ఉండగా అత్తగారు అడిగింది.

"ఏమే, నువ్వక్కడ చేసే పనేమిటో ఒక్క ముక్కలో చెప్పు. అడిగినవాళ్ళకి చెప్పుకోవాలి కదా."

"ఎలుకల్ని చూస్తానత్తయ్యా."

"చూసినందుకు జీతమా? మన వంటింట్లో ఉన్నవాటిని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకెవరిచ్చారు?"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న భర్త ఊరుకోలేదు. "మగపిల్లలు పెద్దమనుషులయ్యారా లేదా అని చూస్తుందమ్మా."

"ఛీ, నోర్ముయ్. మగపిల్లలు పెద్దమనుషులవడమేమిట్రా!"

పక్కింటావిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ వెళ్ళాక అత్తగారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "వాడన్నది నిజమేనా?" అంది. తక్కెడ తల ఊపింది.

"దానికేముంది, మీసాలొచ్చాయో లేదో చూస్తే సరిపోదూ?"

"ఎలుకలకి పుట్టుకతోనే మీసాలుంటాయి అత్తయ్యా."

అత్తగారు కాసేపు ఆలోచించి, "అవును సుమా" అని వెళ్ళిపోయింది.

ఆ ఏడు కొత్త పరీక్ష మొదలైంది. దాన్ని నడిపేది డాక్టరమ్మ. పొడుగాటి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉండేది, దాన్నే బల్ల మీద వెతుక్కునేది. మొదటి రోజున బాబాయినీ తక్కెడనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని విషయం చెప్పింది.

"మొక్కజొన్న చేలో కలుపు చావడానికి మందు కొడతారు కదా. కొన్నాళ్ళకి ఎండకీ వానకీ మట్టికీ ఆ మందు విరిగిపోతుంది. విరిగిపోయింది, పీడ వదిలింది అనుకుంటాం. కాని విరిగిన ముక్కలు ఎక్కడికి పోతాయి? నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీళ్ళు బావిలోకి వస్తాయి. అసలు మందు మగపిల్లల ఎదుగుదలని ఆలస్యం చేస్తుందని అనుమానం ఉంది. మరి ముక్కలకి కూడా ఆ గుణం ఉందా, లేదా? అది చూడాలి మనం."

"పాము చచ్చినా కోర చావలేదంటారా?" అన్నాడు బాబాయి.

"అదే తెలీదు. తెలిస్తే మనకీ పనెందుకు?"

తల్లి పాలు మరిచిన మగపిల్లలు నలభై ఎనిమిది. ఒక్కొక్క దానికి ఒక డబ్బా, డబ్బాకి ఒక చీటీ. తెల్ల చీటీలు పదహారు: వాటికి రోజూ ఉత్త నీళ్ళు పట్టాలి, తిండి ఎంత కావాలంటే అంత. ఎర్ర చీటీలు పదహారు: వాటికి మందు ముక్కలు కలిపిన నీళ్ళు, తిండి ఎంత కావాలంటే అంత. నీటిని సన్నటి గొట్టంతో నోట్లో పోసేది డాక్టరమ్మే. ఇంకో పదహారు నీలి చీటీలు. వాటికి మందు లేదు, ఉత్త నీళ్ళే. కాని తిండి కొలిచి పెట్టాలి.

"ఎందుకు మేడమ్, అవేం పాపం చేశాయి?" అని అడిగింది తక్కెడ. ఆమె ప్రశ్న అడగడం అరుదు కనుక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"మందు పడ్డ పిల్లలు తిండి తగ్గించేస్తాయి. తిండి తగ్గితే ఒళ్ళు తగ్గుతుంది. ఒళ్ళు తగ్గితే ఎదగడం ఆలస్యమవచ్చు. రేపు ఎర్ర చీటీలవి ఆలస్యంగా ఎదిగాయనుకో. అది మందు వల్లనా, ఆకలి వల్లనా? మందు అమ్మేవాళ్ళు అడిగే మొదటి మాటే అది. అందుకని ఎర్రవి నిన్న ఎంత తిన్నాయో, ఇవాళ నీలివాటికి అంతే పెడతాం. మందు లేదు, ఆకలి మాత్రం ఉంది. అవి కూడా ఆలస్యమైతే తప్పు ఆకలిది. అవి వేళకే ఎదిగితే తప్పు మందుది. ఈ పరీక్ష అంతా ఆ పదహారు పిల్లల మీద నిలబడి ఉంది. అర్థమైందా?"

అర్థమైందని తల ఊపింది.

రోజూ పొద్దున్న డాక్టరమ్మ ఒక కాగితం ముక్క మీద అంకె రాసి గోడకు అంటించేది. ఎర్రవాటికి ఒక రోజు ముందే మందు మొదలైంది; నీలివాటికి మొదటి రోజు అంకె, ఒక్కొక్క దానికి తొమ్మిదిన్నర గ్రాములు. తిండి అంటే వేలి కొస అంత లావు బిళ్ళలు, గట్టిగా ఉంటాయి. తక్కెడ చిన్న గిన్నెలో బిళ్ళలు వేసి, ఎక్కువైతే ఒకటి విరిచి తీసి, తక్కువైతే ముక్క కలిపి, సరిగ్గా తొమ్మిదిన్నర చేసి డబ్బా మూత తీసి పోసింది. పోసి, బస్తాలోంచి ఇంకో బిళ్ళ తీసి పైన వేసి మూత పెట్టింది. రెండో డబ్బాకీ అంతే. మూడో దానికీ అంతే.

ఏడో డబ్బా దగ్గరకు వచ్చాక గాని తన చెయ్యి ఏం చేస్తోందో ఆమెకు తెలియలేదు.

వాళ్ళ నాన్నకు గింజల కొట్టు ఉండేది. బడి నుంచి వచ్చాక ఆమె తూకం దగ్గర నిలబడేది. ముల్లు మధ్యకు వచ్చి నిలిచాక, చేటలోంచి ఇంకో పిడికెడు తీసి సంచిలో వేయాలి. అది కొసరు. కొసరు వేయని చేతిని నాన్న ఎండిన చెయ్యి అనేవాడు. కొసరు తూకంలోకి రాదు, అందుకని పుస్తకంలోకీ రాదు. పదేళ్ళ పాటు ఆ చెయ్యి అలాగే తూచింది. ఉద్యోగంలో చేరాక ఇన్నాళ్ళూ తూచినవి పిల్లల్ని. తిండి కొలిచి పెట్టాల్సి రావడం ఇదే మొదలు.

ఏడో డబ్బా మూత చేతిలో పట్టుకుని ఆమె కొంచెంసేపు నిలబడింది. వెనక్కి వెళ్ళి ఆరు బిళ్ళలూ తీసేయవచ్చు. కాని మొదటి డబ్బాలో పిల్ల అప్పటికే బిళ్ళను రెండు ముందుకాళ్ళతో పట్టుకుని కొరుకుతోంది. ఆరింటికి పెట్టి మిగతా పదింటికి పెట్టకపోవడం అన్యాయంగా తోచింది. ఇవాళ్టికి అందరికీ వేసేసి, రేపటి నుంచి మానేద్దామనుకుంది.

మర్నాడు గదిలోకి వచ్చేసరికి నీలి చీటీల డబ్బాల్లో పిల్లలన్నీ వెనకకాళ్ళ మీద లేచి, జల్లెడ మూతకు ముక్కులు ఆనించి ఉన్నాయి. తెల్లవీ ఎర్రవీ పడుకుని ఉన్నాయి. ఎర్రవాటి గిన్నెల్లో బిళ్ళలు మిగిలిపోయి ఉన్నాయి. ఆమె కాగితం చూసి, తూచి, పోసి, ఈసారి తెలిసే ఒక్కొక్క బిళ్ళ పైన వేసింది. ఒక బిళ్ళకు ఏమవుతుందనుకుంది. మూడో రోజుకు అలా అనుకోవడం కూడా మానేసింది.

ఒక్కొక్క పిల్ల కింద రంపపు పొట్టు పరిచి ఉంటుంది. దాన్ని రెండు రోజులకోసారి తీసి పారబోసేది బాబాయి.

"తక్కెడమ్మా," అన్నాడు వారం తర్వాత, పొట్టును బకెట్లోకి దులుపుతూ. "మనకి ఆకలేస్తే కడుపులో ఎలుకలు పరిగెడతాయంటారు. మరి ఎలుకకి ఆకలేస్తే దాని కడుపులో ఏం పరిగెడుతుంది?"

"ఏమో బాబాయ్."

"ఏం పరిగెడుతుందో గాని, ఈ నీలి చీటీ అల్లుళ్ళ పొట్టులో మాత్రం బిళ్ళల పొడి రాలుతోంది. ఆకలిగలవాడు కంచంలో వదుల్తాడా?"

ఆమె తూకం యంత్రం మీద లేని దుమ్మును తుడిచింది.

"సరేలే, నేను కడిగేవాణ్ణి. నాకు తెల్లపొట్టూ ఎర్రపొట్టూ అన్నీ ఒకటే" అని బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరమ్మ గది గోడ మీద పెద్ద గళ్ళ కాగితం ఉంది. రోజూ సాయంత్రం మూడు రంగుల పెన్సిళ్ళతో మూడు చుక్కలు పెట్టి, నిన్నటి చుక్కలకు కలిపేది. తెల్లవాటికి నల్ల పెన్సిలు. రెండు వారాలకు నల్ల గీత నిటారుగా పైకి పోయింది. ఎర్ర గీత దాని కింద వంగింది. నీలి గీత ఎర్రదానికి తోడుగా వంగాలి. అది వంగలేదు, నల్లదాని పక్కనే, దాని చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టు పోతోంది.

డాక్టరమ్మ మొదట యంత్రాన్ని అనుమానించింది. పెట్టెలోంచి ఇత్తడి రాళ్ళు తెచ్చి ఒక్కొక్కటీ పెట్టి చూసింది. యంత్రం నిజమే చెప్పింది. తర్వాత బిళ్ళల బస్తాను అనుమానించి, వాటిలో పోషకాలు ఎక్కువున్నాయేమో చూడమని ఒక గిన్నెడు పరీక్షకు పంపింది. అదీ సరిగానే ఉంది. గదిలో వేడి ఎక్కువైందేమో చూసింది. ఇలా వెతకడం మొదలైన నాలుగో రోజు కుర్చీలో కూర్చుని నెత్తి మీది కళ్ళజోడును బల్ల మీద వెతుక్కుంటూ, "ఆకలితో ఉన్న పిల్లలు ఒళ్ళెలా చేస్తాయి?" అంది. ఎవరినీ అడగలేదు. తక్కెడ పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

పిల్లలు పుట్టిన నలభయ్యో రోజు నుంచి రెండో పని మొదలైంది. చూసేవాళ్ళకు చీటీ కనబడకూడదు. అందుకని బాబాయి అటుపక్క నుంచి, డాక్టరమ్మ చెప్పిన వరసలో, ఒక్కొక్క పిల్లను తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె చూసి మాట చెప్పేది. డాక్టరమ్మ రాసుకునేది. అప్పుడు గదిలో ఇంకేమీ మాట్లాడేవాళ్ళు కారు.

"రాలేదు."

"రాలేదు."

"సగం."

నలభై రెండు, నలభై మూడు రోజులకు తెల్లవీ నీలివీ చాలావరకు పూర్తయ్యాయి. ఎర్రవి నలభై ఏడో రోజుకు గాని "పూర్తిగా" అన్న మాట వినలేదు. రెండు నలభై తొమ్మిది దాకా పోయాయి.

"ఇంకేముంది," అన్నాడు బాబాయి. "మందే దొంగ. పట్టుబడిపోయాడు."

"ఎవరు పట్టుకున్నారు?" అంది డాక్టరమ్మ. "ఎర్రవి ఒళ్ళు తగ్గాయి, ఆలస్యమయ్యాయి. నీలివి ఒళ్ళు తగ్గలేదు, ఆలస్యమూ అవలేదు. అవి కూడా ఒళ్ళు తగ్గి, అయినా వేళకే ఎదిగుంటే అప్పుడు నీ మాట నిజం. ఇప్పుడు నేనేం చెప్పినా, ఆకలి వల్లనే అని ఎదుటివాడు ఒక్క మాటతో కొట్టేస్తాడు."

"ఏనుగు వెళ్ళింది, తోక చిక్కిందన్నమాట."

"ఏనుగే చిక్కిందయ్యా. వెళ్ళింది తోక."

పుస్తకం మూసి ఆమె తక్కెడ వైపు తిరిగింది. "మళ్ళీ చేయాలి. కొత్తగా నలభై ఎనిమిది పిల్లలు. కాని ఇది ఎందుకిలా అయిందో తెలీకుండా చేస్తే రెండోసారీ ఇలాగే అవుతుంది. మూడోసారీ అంతే. ఒక్కోసారికీ నలభై ఎనిమిది."

నలభై ఎనిమిది అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. యాభై మూడో రోజున పిల్లలన్నిటినీ వరండా చివరి గదికి తీసుకువెళతారు. అక్కడ వాటిని నొప్పి తెలియకుండా చంపి, కోసి, లోపలి భాగాలు తూస్తారు. అది పరీక్షలో భాగమే. ఆ గదికి డబ్బాలు మోసేది బాబాయి. తక్కెడ ఎన్నడూ అటు వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె డాక్టరమ్మ గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది. మూడోసారి వెళుతుంటే బాబాయి కుళాయి దగ్గర నుంచి అన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కడమైతే అయింది. కడుక్కోవడానికి ఇన్నిసార్లు తిరగడమెందుకు? వెళ్ళు లోపలికి."

"నువ్వు కూడా రా బాబాయ్."

"ఎలుకకి పిల్లి సాక్ష్యమా? నువ్వే వెళ్ళు."

ఆమె వెళ్ళి నిలబడింది. డాక్టరమ్మ తల ఎత్తలేదు.

"నీలివాటికి నేను ఎక్కువ పెట్టాను మేడమ్."

డాక్టరమ్మ పెన్సిలు కింద పెట్టింది. కోప్పడుతుందని తక్కెడ అనుకుంది. ఆమె కోప్పడలేదు, ప్రశ్నలు వేసింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచే."

"ఎంత?"

"ఒక్కొక్క దానికి ఒక్క బిళ్ళ."

"బిళ్ళ ఎన్ని గ్రాములు?"

"తూచలేదు. ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది."

"రోజూనా? ఆదివారాలు బాబాయి కదా పెట్టేది?"

"ఆదివారాలు లేదు. మధ్యలో ఒకటి రెండు రోజులు రెండేసి వేశాను. ఏ రోజులో గుర్తు లేదు."

"రాసుకోలేదూ?"

"కొసరు రాయరు కదా మేడమ్" అంది. అన్నాక ఆ మాట ఆ గదిలో ఎలా ఉందో తనకే వినబడింది.

డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. "రాసుంటే ఈ పదహారూ ఇంకో లెక్కకి పనికొచ్చేవి. కడుపునిండా తిన్న పిల్లలు ఇలా ఎదుగుతాయి అని చెప్పడానికైనా. ఎంత తిన్నాయో తెలీని పిల్లలు ఎందుకూ పనికిరావు. ఆకలి తెలిసినవీ కావు, తెలియనివీ కావు." మళ్ళీ పెన్సిలు తీసుకుని, "వెళ్ళు. తర్వాత మాట్లాడదాం" అంది.

యాభై మూడో రోజున బాబాయి డబ్బాలు మోస్తుంటే తక్కెడ వరండాలో పక్కకు జరిగి దారి ఇచ్చింది. నలభై ఎనిమిదీ లెక్కపెట్టింది. తన వల్ల చచ్చేవి ఇవి కావు, ఇవి ఎలాగూ పోయేవే. తన వల్ల పోయేవి ఇంకా పుట్టలేదు.

కొత్త పిల్లలు పుట్టి పాలు మరవడానికి ఇంకా నెల పైన ఉంది. ఈ లోగా డాక్టరమ్మ ఆమెను పిలిచింది.

"రెండోసారి నీలివాటి తిండి ఎవరు పెట్టాలి? బాబాయికి ఇవ్వగలను. నువ్వు చూసే పనే చేద్దువుగాని. ఉద్యోగానికేం ఢోకా లేదు. కాని తూకం దగ్గర నీ అంత సరిగ్గా తూచేవాళ్ళు ఇక్కడ లేరు. అది కూడా నిజమే. చెయ్యగలవో లేదో రేపు చెప్పు. చెయ్యలేనంటే తప్పు పట్టను. చేస్తానని చెయ్యకపోతే మాత్రం నీకు ఈ గదిలోకి మళ్ళీ రావడం ఉండదు."

ఆ పూట భోజనాల దగ్గర అత్తగారు గరిటెతో వచ్చి నిలబడింది. ఆవిడ ఎవరు చాలన్నా ఒక గరిటె వేసి గాని కదలదు. తక్కెడ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలత్తయ్యా."

"ఒక్క గరిటే."

"నిజంగానే చాలు."

"ఏమే, కొత్తగా? నీ ఎలుకల్లాగా నీకూ కొలత పెట్టారా?"

పరీక్ష గురించి ఇంట్లో ఏమీ చెప్పలేదు కనుక అది ఉత్త హాస్యమే. అయినా తక్కెడ చెయ్యి తీయలేదు. అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ ముఖంలోకి చూడకుండా ఉండడం ఎంత కష్టమో ఆమెకు తెలిసింది. చివరకు అత్తగారు మూతి ముడిచి, ఆ గరిటె కొడుకు కంచంలో బోర్లించి వెళ్ళింది. అతను కలుపుకుని తిన్నాడు.

మర్నాడు డాక్టరమ్మతో, "నేనే పెడతాను" అని చెప్పింది.

రెండోసారి ఆమె బిళ్ళల బస్తాను గది బయట ఉంచింది. నీలివాటికి కావలసింది ముందుగానే బయట బల్ల మీద తూచి, పదహారు కాగితపు పొట్లాలు కట్టి, వాటినే లోపలికి తెచ్చేది. లోపల తీయడానికి ఇంకో బిళ్ళ ఉండేది కాదు. మొదటి రోజు పదహారో పొట్లం పోశాక కూడా చెయ్యి పక్కకు వెళ్ళింది. అక్కడ బల్ల మాత్రమే ఉంది.

మూడో రోజుకు నీలి డబ్బాల్లో గోకడం మొదలైంది. పొట్లం విప్పే చప్పుడుకు పదహారూ ఒక్కసారి మూతల దగ్గరకు వచ్చేవి. పదకొండో నంబరు పిల్ల ఇనుప జల్లెడను కొరికేది. ఆ చప్పుడు తలుపు మూసినా వినబడేది. ఆమె తిండి పోసి, వేళ రాసి, తర్వాతి డబ్బాకు వెళ్ళేది. బాబాయి పొట్టు దులిపి, బకెట్లోకి వంగి చూసి వెళ్ళేవాడు. ఒకనాడు మాత్రం, "పొడి లేదు తక్కెడమ్మా" అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతని ముఖం చూస్తే తెలియలేదు.

గళ్ళ కాగితం మీద నీలి గీత ఎర్రదాని పక్కకు వంగింది. రెండూ నల్ల గీతకు దూరమయ్యాయి.

నలభయ్యో రోజు నుంచి మళ్ళీ పిల్లల్ని చేతిలో పెట్టించుకుని చూడడం. చీటీ కనబడకపోయినా ఈసారి చేతికి తెలిసిపోయేది. తెల్లవి అరచేతిలో నిండుగా పడేవి. మిగతావి తేలిక. తేలికవాటిలో ఏది ఎర్రదో ఏది నీలిదో మాత్రం చెయ్యి చెప్పలేదు. చెప్పకపోవడమే మేలనుకుంది.

నలభై మూడో రోజున బాబాయి ఒక తేలికైన పిల్లను అందించాడు. పక్కటెముకలు వేళ్ళకు తగిలాయి. ఆమె బొటనవేలితో చర్మాన్ని జరిపింది. ఏ అడ్డూ లేకుండా జరిగింది. నొక్కానా అనుకుని వేలు తీసి, మళ్ళీ అంతే మెల్లగా చూసింది.

"పూర్తిగా."

డాక్టరమ్మ రాసుకుంది. ఇంకో తేలికైనది వచ్చింది. "రాలేదు." ఇంకొకటి. "పూర్తిగా." నలభై నాలుగో రోజు దాటేసరికి తేలికవాటిలో సరిగ్గా పదహారు పూర్తయ్యాయి. మిగిలినవి మరో నాలుగు రోజులు, ఐదు రోజులు తీసుకున్నాయి.

"నీలివి ఆకలితోనే ఎదిగాయి," అంది డాక్టరమ్మ చీటీలు సరిచూసి. "మహా అయితే ఒక రోజు అటూ ఇటూ. ఎర్రవి వేళకి ఎదగలేదు. ఒళ్ళు రెండింటిదీ ఒకటే." ఆమె కళ్ళజోడు నెత్తి మీద నుంచి తీసి తుడుచుకుంది. "ఇది ఎలుకల మాట. మనుషుల గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. కాని మందు విరిగితే పీడ వదిలిందన్న మాట మాత్రం ఇంక ఎవరూ ఊరికే అనలేరు."

డాక్టరమ్మ వెళ్ళాక బాబాయి అన్నాడు. "మొదటిసారి కూడా ఇదేగా వచ్చింది? తెల్లవీ నీలివీ వేళకి, ఎర్రవి ఆలస్యం. అదే జవాబు. దీనికోసం పదహారు పిల్లల కడుపు మాడ్చావు."

"మొదటిసారి అవి ఆకలితో లేవు బాబాయ్."

"నువ్వే కదా లేకుండా చేసింది."

"అందుకే."

అతను బకెట్ తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్ళాడు.

యాభై మూడో రోజు పొద్దున్న ఆమె ఆఖరి తూకం వేసింది. నలభై ఎనిమిది అంకెలూ పుస్తకంలోకి ఎక్కాయి. నీలివాటికి ఆ రోజు గోడ మీద కాగితం లేదు. చివరి గదిలో బల్ల సిద్ధం కావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆమె డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళింది.

"తూకం అయిపోయింది మేడమ్. ఇప్పుడు నీలివాటికి కడుపునిండా పెట్టొచ్చా? తూచే పెడతాను. ఎంత పెట్టానో, ఎప్పుడు పెట్టానో రాస్తాను."

డాక్టరమ్మ పుస్తకంలో నీలి చీటీల పేజీ తిప్పి చూసింది. పెట్టవచ్చని చెప్పడానికి ఆమె దారి వెతుకుతున్నట్టే కనబడింది.

"లోపలి భాగాలు కూడా తూస్తాం కదా," అంది చివరకు. "ఇప్పుడు తింటే కడుపు బరువు మారుతుంది, కాలేయం మారుతుంది. ఎర్రవాటితో పోల్చడానికుండదు. వద్దు."

"సరే మేడమ్."

"నువ్వు అడిగి మంచి పని చేశావు."

ఆమె గదిలోకి తిరిగి వచ్చింది. అడుగుల చప్పుడుకు పదహారు పిల్లలూ మూతల దగ్గరకు చేరాయి. పదకొండో నంబరుది జల్లెడ పట్టుకుని కొరుకుతోంది. వేళ కాగానే బాబాయి బండి తోసుకుంటూ వచ్చాడు.

"నీలివి నేను తీసుకెళ్తాను" అంది తక్కెడ.

"చివరి గదికా? నువ్వా?"

"నేనే."

అతను బండిని తెల్ల చీటీల వైపు తిప్పుకున్నాడు. ఆమె ఒకటో నంబరు డబ్బాను రెండు చేతులతో, కుదుపు లేకుండా ఎత్తుకుంది. వరండా పొడుగునా లోపల పిల్ల ఆమె వేళ్ళున్న వైపుకు వచ్చి వాసన చూస్తూనే ఉంది. పదహారు సార్లు వెళ్ళి వచ్చింది. చివరిసారి తలుపు దగ్గరున్న పుస్తకంలో, అప్పగించినవి అన్న గడిలో పదహారు అని వేసింది. ఇచ్చిన తిండి అన్న గడి ఖాళీగా ఉంది. అక్కడ సున్నా రాసి, పక్కన వేళ వేసింది: పదీ నలభై.